అక్క ఊపిరికి ఆగిన చేతులు

బెంగళూరు,
మంగళవారం.

మా సలోమి అక్కకు,

తమ్ముడు రత్నరాజు ప్రేమతో రాస్తున్నది. దేవుడి దయవల్ల నాకు తిండికీ నిద్రకీ లోటు లేదు. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? మంచు మొదలైంది కాబట్టి నీ ఆయాసం సంగతే ముందు అడుగుతున్నాను. ఇన్‌హేలర్ పూర్తిగా అయిపోయేదాకా చూసి, ఆ తర్వాత బావని అనకాపల్లి పరుగెత్తించకు. ముందే తెప్పించి పెట్టుకో.

రోజూ ఫోన్ చేసేవాడు ఉత్తరం రాశాడేమిటని కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది. నీ గొంతు వింటే చెప్పలేని మాట ఒకటి ఉండి రాస్తున్నాను.

ఇక్కడ ఎండా లేదు, చలీ లేదు, పొద్దస్తమానం ముసురు. బట్టలు ఆరవు. బెల్లం అమ్మే ఊరివాణ్ణి నేనైతే, సాంబారులో బెల్లం వేసేది వీళ్ళు. మొదట్లో ముద్ద దిగేది కాదు, ఇప్పుడు అలవాటైంది. షాపులో పని డ్రమ్ములకు తోళ్ళు మార్చడం, బిగించి శ్రుతి చేయడం. యజమాని మస్తాన్ భాయ్ మన అనకాపల్లి ఆయనేనని చెప్పాను కదా. వాళ్ళ నాన్న పెళ్ళి బ్యాండు వాళ్ళకి బాజాలు బాగుచేసేవారట. మధ్యాహ్నం ఇద్దరం కలిసే తింటాం. ఆయనతో మన యాస మాట్లాడుకున్న కాసేపూ ఊళ్ళో ఉన్నట్టుంటుంది. ఆదివారాలు మాత్రం గడవవు. ఇక్కడి చర్చిలో నన్ను ఎవరూ వాయించమని అడగరు, వెనక వరసలో కూర్చుని వస్తాను.

ఇదంతా అసలు మాటకి అడ్డం పెడుతున్నానని నీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

అక్కా, డ్రమ్ములు వాయించి చూపించడానికి వెళ్ళానే, ఆ పాటల బ్యాండు వాళ్ళు నన్ను తీసుకోలేదు.

ఆ రోజు సాయంత్రం నువ్వు ఫోన్ చేసి, "ఏటయిందిరా? తీసుకున్నారేటి?" అన్నావు. నేను "తీసుకున్నారక్కా" అన్నాను. నువ్వు ఏడ్చావు. ఆ ఏడుపు విన్నాక మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పాను, తప్పు నాదే. మర్నాటికి మన రాయవరం అంతా పాకింది. బావ ఆ బ్యాండు వాళ్ళతో నిలబడి ఫోటో దిగి పంపమన్నాడు. మన పాస్టరు అయ్యగారు నెలాఖరు ఆదివారం నా ఉద్యోగం కోసం చర్చిలో కృతజ్ఞత కూడిక పెడుతున్నారని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు.

జరిగింది రాస్తాను. వాళ్ళు చెవిలో క్లిక్ అని ఒకటి పెడతారు. గడియారంలా టక్ టక్ మని కొడుతూనే ఉంటుంది, అందరూ దానికే కట్టుబడాలి. మొదటిది పాట లేకుండా వాయిద్యాలే. బాగా వాయించాను, గిటారు ఆయన నన్ను చూసి నవ్వాడు. రెండోదానికి పాడే అమ్మాయి వచ్చింది. చరణంలో ఒక పొడుగు లైను ఉంది. దాని చివర ఆమెకు ఊపిరి తగ్గడం విన్నాను. అంతే, నా చేతులు ఆగాయి. ఆమె ఊపిరి తీసుకున్నాక దెబ్బ వేశాను. క్లిక్ నన్ను వదిలేసి ముందుకెళ్ళిపోయింది. మళ్ళీ మొదలెట్టాం, మళ్ళీ ఆగాను. మూడోసారీ అంతే.

వాళ్ళు కోప్పడలేదు. స్టేజీ మీద లైట్లు, తెర మీద బొమ్మలు అన్నీ ఆ క్లిక్ మీదే నడుస్తాయట, నేను ఆగితే అవి ఆగవట. చెయ్యి మంచిదే గానీ తమకు కుదరదని మర్యాదగానే చెప్పారు.

నీకు అర్థమయ్యే ఉంటుంది. చిన్నప్పటి నుంచి నువ్వు పాడితే నేను డోలక్ వాయించాను. చలికాలం కూడికల్లో చరణం మధ్యలో నీకు ఆయాసం వచ్చేది. నీ భుజం పైకి లేవగానే నేను చెయ్యి ఆపేవాణ్ణి, మన మామ్మలందరూ చప్పట్లు ఆపి కనిపెట్టుకుని ఉండేవారు. మన దగ్గర తాళమంటే అదే అనుకున్నాను. ఎక్కడైనా అంతే అనుకున్నాను.

ఇది చదివి, నా తమ్ముడి బతుకు నా వల్లే పాడైందని మాత్రం అనుకోకు. అలా అనుకుంటావనే నిజం దాచాను. నేను మెట్లు దిగుతుంటే ఆ పాడే అమ్మాయి వెనకాలే వచ్చింది. ఇన్నేళ్ళలో తన ఊపిరి కోసం ఆగినవాడు ఒక్కడూ లేడని, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. మా అక్క దగ్గర అన్నాను. ఆ ఒక్క మాటే అక్కడ నేను తలెత్తుకుని చెప్పింది.

కూడిక సంగతి మస్తాన్ భాయ్‌తో చెప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. "అబద్దం ఫోన్లో సెప్పేవు. నిజం మాత్రం ఎదురుగా నిలబడి సెప్పాల్రా" అని మూడు రోజులు సెలవిచ్చాడు. క్లిక్‌తో వాయించడం రోజూ సాధన చేస్తున్నాను. వస్తుంది, నాకు నమ్మకముంది. మరో బ్యాండు దొరక్కపోదు, నా గురించి బెంగ పెట్టుకోకు.

కూడిక ఆపించకు. శనివారం రైలుకి దిగుతాను. దేవుడు చేసిన మేలు గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పే వేళ నేనే లేచి అందరికీ చెబుతాను. బావకి కూడా అప్పటిదాకా చెప్పకు, ఫోటో గురించి అడిగితే నా మీదికి నెట్టెయ్యి. అయ్యగారికీ అమ్మగారికీ, మామ్మలందరికీ నా వందనాలు. పిల్లలకి ముద్దులు. నా కోసం మోకరించినప్పుడు ఉద్యోగం అడగొద్దు, ఆ రోజుకి ధైర్యం అడుగు.

ఒక్కటే కోరిక. నేను చెబుతున్నప్పుడు మధ్యలో ఎక్కడో నా గొంతు ఆగిపోతుంది, నాకు తెలుసు. అప్పుడు నువ్వు తల దించుకోకు అక్కా. నా వైపే చూస్తూ, నేను మళ్ళీ మొదలెట్టేదాకా ఆగు.

నీ తమ్ముడు,
రత్నరాజు