కిటికీలో పెట్టిన మాత్రలు

మల్లన్నా,

నువ్వు గుండెపోటుతో పోయి నేటికి ఏడాది. బహ్రెయిన్‌లో మన సిత్రా లేబర్ క్యాంపులో నీ సామాన్ సర్దుతుంటే దిండు గలీబులో బీపీ మాత్రలు దొరికాయి, సగానికి పైగా వేసుకోనివే. తెలిస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుందని భయపడ్డావు కదూ?

నిన్న జింజ్ ఆసుపత్రిలో గుండె డాక్టరు నాకూ బీపీ ఉందన్నాడు.

"డ్యూటీ చెయ్యచ్చా సార్?" అని అడిగాను.

"రోజూ మాత్ర వేసుకుంటే చెయ్యొచ్చు. మానేస్తేనే గుండెకు ముప్పు" అన్నాడు.

గదికొచ్చి నా మాత్రలు అందరికీ కనబడేలా కిటికీలో పెట్టాను. అవి చూసి మన పోశన్న, "నాకు గూడ ఉన్నదిరా, మూడేండ్ల సంది" అంటూ దిండు కిందనుంచి తనవి తీసి పక్కన పెట్టాడు. రాజన్న కూడా తనవి తీయడానికి లేచాడు.

నువ్వు ఎవరి కంట పడకుండా నీ మాత్రలు దాచావో, వాళ్లూ తమవి నీ కంట పడకుండా దాచారన్నా.