ఎలుగుబంటి వెంట్రుక మీద నా తీర్మానం

1974 జనవరి 1, మంగళవారం

ఉదయం 6.00. లేచాను. చలి. ఈ డైరీ మా ప్రెస్సులో వేసిందే. అట్ట వంకరగా అతుక్కుందని మా యజమాని కృపానందం గారు ఊరికే ఇచ్చారు. నేను అక్కడ కంపోజిటర్ని. ఐదో క్లాసులో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా సీసం అక్షరాల్లో, తిరగేసి చదివిందే.

నిన్న చర్చిలో కొత్త సంవత్సరపు ఆరాధన. ఒక్కొక్కరూ లేచి తమ తీర్మానం చెప్పారు. ఒకాయన చుట్ట మానేస్తానన్నాడు. ఏటా అదే చెబుతాడు. నా వంతు వచ్చింది. మన కాలవగట్టు మార్కెట్లో బతికున్న ఎలుగుబంటి ఒంటి మీంచి బొచ్చు పీకి అమ్ముతున్నారు, ఈ ఏడాది దాన్ని ఆపిస్తాను, ఆపించలేకపోతే వచ్చే ఏడు ఇక్కడ లేచి నిలబడను అని చెప్పాను.

ఒక్కరూ ఆమెన్ అనలేదు. మా అమ్మ చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

ఏడాదికని బైబిలు వాక్యం రాసి ఉంచే వాగ్దానం చీటీ తీస్తే నాకు ఓర్పు గురించి వచ్చింది. ఇంకోటి ఇమ్మన్నాను. కుదరదన్నారు.

సంగతేమిటంటే, మార్కెట్టు గేటు పక్కన కొండలయ్య అనేవాడు లచ్చి అనే ఆడ ఎలుగుబంటిని కట్టేసి తాయెత్తులు అమ్ముతాడు. పిల్లలు జడుసుకుంటే మొలకి ఎలుగు వెంట్రుక కట్టాలట. మొన్న శనివారం నా కళ్ళముందే లచ్చి డొక్కలో చెయ్యి పెట్టి చటుక్కున పీకాడు. అది మూలిగింది, మనిషి మూలిగినట్టే. కొన్నావిడ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ప్లాను:
1. కరపత్రం.
2. మార్కెట్టు ఇన్‌స్పెక్టరుకి అర్జీ.
3. అటవీశాఖకి ఉత్తరం. అడవి జంతువుల చట్టం వచ్చి ఏడాది దాటింది. గైడు పుస్తకం కోసం దాని సారాంశం నేనే కంపోజు చేశాను. ఇన్‌స్పెక్టరుకి అది తెలిసి ఉండదు.

నెల రోజులు చాలు.

జనవరి 2, బుధవారం

సాయంత్రం 5.30 నుంచి 7.00 దాకా నా సొంత పని. కరపత్రం కంపోజు చేశాను. 'మన మార్కెట్లో ఎలుగుబంటి బొచ్చు!' అని పెద్దక్షరాల్లో. కాయితం కొనక్కర్లేదు, శుభలేఖలు కోయగా మిగిలిన పసుపు ముక్కలు వాడుకోమన్నారు కృపానందం గారు. బాగుంది, దూరానికి కనబడుతుంది.

అమ్మ మళ్ళీ నా జుట్టు మీద పడింది. భుజాల దాకా పెంచాను. నూనె రాయను. ఊరంతా తలకి నూనె రాసుకుని తిరుగుతుంటే నేనొక్కణ్ణే ఎండిన గడ్డివామిలా ఉన్నానట. ఎలుగుబంటి కోసం పోరాడేవాడు ఎలుగుబంటిలాగే ఉండాలి కాబోలు అంది. దువ్వెన పట్టుకుని బయటికి వచ్చేశాను. (ఓర్పు.)

జనవరి 4, శుక్రవారం

మధ్యాహ్నం అన్నం మానేసి మార్కెట్లో పంచాను. అయిదు వందలూ అయిపోయాయి.

కొండలయ్య నా దగ్గరికే వచ్చి తనకీ ఒకటివ్వమన్నాడు. చదువు రాదట, చదివి పెట్టమన్నాడు. నీకే వ్యతిరేకంగా రాశానని చెప్పాను. అయినా చదవమన్నాడు. గొంతెత్తి చదివాను. ముప్పై మంది దాకా పోగయ్యారు. అంతా విని, ఇంకో రెండు అడిగి తీసుకుని, ఒకటి గేటుకి అంటించుకున్నాడు.

"బాబు జుట్టు చూస్తే మా లచ్చి అక్కనుకుంటది," అన్నాడు. అందరూ నవ్వారు. శత్రువు వణుకుతున్నాడని గ్రహించాను.

జనవరి 7, సోమవారం

ఉదయం 10.15. ఇన్‌స్పెక్టరు గారిని కలిశాను. ఆయన మార్కెట్లో అమ్మే సరుకుల జాబితా తీసి చూపించారు. వంకాయల నుంచి మట్టిపొయ్యిల దాకా అన్నీ ఉన్నాయి, బొచ్చు లేదు. లేని సరుకుని ఎలా ఆపమంటావోయ్ అన్నారు. కొండలయ్య చోటుకి రశీదు 'తాళ్ళు, చాపలు' కింద రాస్తున్నారట.

చట్టం సంగతి ఎత్తాను. అది అడవి వాళ్ళు చూసుకోవాలట. పైగా వాడమ్మేది బొచ్చేనని రుజువేంటి, ఏ కొబ్బరి పీచో అయి ఉండొచ్చు కదా అన్నారు.

రుజువు కావాలా. రుజువే తెస్తాను.

జనవరి 9, బుధవారం

విజయం.

ఉదయం 9.30కి కొండలయ్య దగ్గర తాయెత్తు కొన్నాను. (రుజువు కోసం. ఇది తీర్మానానికి విరుద్ధం కాదు.) ముందే కట్టి ఉన్నదొకటి ఇవ్వబోయాడు. నేను అంత వెర్రివాణ్ణి కాను. నా కళ్ళముందే పీకి ఇమ్మన్నాను. వాడు నా వైపు వింతగా చూశాడు. తర్వాత పీకాడు. లచ్చి మూలిగింది. ఇదే ఆఖరుసారి అని దానికి మనసులో చెప్పాను.

10.00. ఇన్‌స్పెక్టరు గారి బల్ల మీద కొబ్బరి పీచు ఒక పోగు, వెంట్రుక ఒక పోగు పెట్టి అగ్గిపుల్ల గీశాను. పీచు తాడు కాలినట్టు కాలింది. వెంట్రుక మెలిక తిరిగి ముడుచుకుని కమురు కంపు కొట్టింది. గుమాస్తాలు, కూరగాయల వాళ్ళు, అంతా చూశారు. చీపుర్ల సన్యాసమ్మ తనూ ఒకటి కాల్చి చూసింది.

"అసలైందేనోయ్," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

మరి చర్య ఏమిటని అడిగాను. ఆలోచిద్దాం అన్నారు. మిగిలిన వెంట్రుకలు కాయితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నారు. మనవరాలు జడుసుకుంటోందట.

జనవరి 12, శనివారం

రెండో కరపత్రం వేశాను. 'కాల్చి చూశాం! అసలైనదే! అధికారులే ఒప్పుకున్నారు!' కింద పరీక్ష చేసే పద్ధతి వివరంగా రాశాను. జనం తమంతట తాము తెలుసుకోవాలి. చైతన్యం అంటే అదే.

సాయంత్రం గేటు దగ్గర విపరీతమైన జనం. ఇంత కదలిక వస్తుందనుకోలేదు.

జనవరి 17, గురువారం

మార్కెట్టుకి వెళ్ళలేదు. పెళ్ళి ముహూర్తాలు, ప్రెస్సులో ఊపిరాడని పని. ఉద్యమానికి కూడా విశ్రాంతి కావాలి.

మైలవరం నుంచి శుభలేఖల కోసం వచ్చినాయన జేబులోంచి నా రెండో కరపత్రం తీశాడు. ఈ అసలైన వెంట్రుక అమ్మే గేటు ఎటువైపండీ అని అడిగాడు. తెలియదన్నాను. ఇబ్రహీంపట్నం నుంచి కూడా జనం వస్తున్నారటగా అన్నాడు.

ఇదొక దశ. ప్రతి ఉద్యమంలోనూ ఉంటుంది.

అటవీశాఖకి రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

జనవరి 20, ఆదివారం

చర్చి అయ్యాక 11.30కి వెళ్ళాను.

లచ్చికి ఎడమ డొక్క లేదు. అంటే డొక్క ఉంది, బొచ్చు లేదు. బూడిదరంగు తోలు, దాని మీద ఎర్రటి చుక్కలు, ఈగలు. కొండలయ్య వేపనూనె రాస్తున్నాడు. లచ్చి తల వాడి ఒళ్ళో పెట్టుకుని పడుకుంది. సిగ్గు లేదా, మనిషివేనా, ఇంత పీకుతావా అని అరిచాను.

వాడు నూనె రాయడం ఆపకుండానే చెప్పాడు.

"మూడేళ్ళ నించి పీచు అమ్ముకుంటన్నా బాబూ. కొబ్బరి పీచు, దీపం మసి. నమ్మకానికని రోజుకొక్కసారి, జనం ముందర పీకేవోణ్ణి. మిగతాదంతా పీచే. పిల్లలకి జడుపు తగ్గేది, దీనికి బొచ్చు ఉండేది. నువ్వొచ్చి ఊరందరికీ అగ్గిపుల్ల నేర్పావు."

అమ్మడం మానెయ్యమన్నాను. మానేస్తే దీనికి జొన్న సంకటి ఎవరు పెడతారు, నువ్వు పెడతావా అన్నాడు. అంతలో ఒకావిడ బిడ్డని చంకనేసుకుని వచ్చింది. చేతిలో అగ్గిపెట్టె.

ఇంటికి వచ్చేశాను. అన్నం తినలేదు.

జనవరి 23, బుధవారం

మూడో కరపత్రం. 'మోసపోకండి! అది కొబ్బరి పీచే!'

ఒక్కరూ నమ్మలేదు. మా ఆఫీసులో నువ్వే కదుటోయ్ కాల్చింది అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. మొత్తం సరుకు తానే కొట్టేయడానికి ఈ ఎత్తు వేశాడంది సన్యాసమ్మ. కాల్చిన చెయ్యి చూపించి మరీ అంది.

నేను ఉద్యమాలకి పనికిరాను. ఆ చుట్ట మానేసినాయన నయం. రెండో తారీఖునే మళ్ళీ వెలిగించి సుఖంగా ఉన్నాడు.

జనవరి 26, శనివారం

ఉదయం 8.00. మా వీధి బళ్ళో జెండా వందనం. మైకు ఒక్కసారిగా కుయ్యిమని అరిచింది. మా అక్క హన్నా కొడుకు, ఆరు నెలలవాడు, అదిరిపడి లేచి ఏడుపు మొదలెట్టాడు.

10.00. ఏడుస్తున్నాడు.

1.00. ఏడుస్తున్నాడు. పాలు తాగడం లేదు. అక్క కూడా ఏడుస్తోంది.

3.00. అమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. వెళ్ళి ఎలుగు వెంట్రుక పట్టుకురమ్మంది. మనం క్రైస్తవులం, ప్రార్థన చెయ్యమన్నాను.

"పొద్దున్నే చేశానురా. ఇప్పుడు వెంట్రుక కావాలి. పాస్టరమ్మ గారు కూడా పిల్లలకి కట్టి పైన చొక్కా తొడుగుతుంది. నువ్వు వెళ్తావా, నన్ను వెళ్ళమంటావా?"

ఆవిడ వెళ్తే పీకిస్తుంది. నేనే బయల్దేరాను.

4.00. గేటు దగ్గర లచ్చికి కుడి పక్క కూడా అయిపోయింది. మెడ ఒక్కటే మిగిలింది. సంగతి చెప్పాను. కొండలయ్య ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

"నువ్వడిగితే పీకుతా బాబూ. పిల్లోడి కోసం కదా. నువ్వే చెప్పు."

లచ్చి మాట తెలిసినదానిలా మెడ వాడి చేతి కిందికి జరిపింది. గోకుతాడనుకుంది పాపం.

పీకు అనలేకపోయాను. వద్దు అని కూడా అనలేకపోయాను. చెమట పట్టి తల గోక్కున్నాను. వేలికి ఒక వెంట్రుక చుట్టుకుని వచ్చింది. నల్లగా, బిరుసుగా, నూనె వాసన లేకుండా.

4.20. సెలూను. కింద పేపరు పరిచి, మొత్తం కొట్టెయ్యమన్నాను. తిరపతి మొక్కా అండీ అని అడిగాడు. కాదు, మార్కెట్టుకి అన్నాను.

5.30. నేనే కట్టి తెచ్చిన తాయెత్తు అమ్మ విప్పి, ఒక పోగు లాగి, పొయ్యిలో పెట్టి వాసన చూసింది. అసలైందే అంది. మొలకి కట్టింది.

6.15. పిల్లాడు నిద్రపోయాడు. పది గంటలు ఏడ్చినవాడు నిద్రపోక ఏం చేస్తాడు? ఆ మాట పైకి అనలేదు. (ఓర్పు.)

అమ్మ నా బోడి గుండు చూసి, రెండు ప్రార్థనలూ ఒక్కరోజే ఫలించాయంది.

జనవరి 27, ఆదివారం

పొద్దున్నే పేపరు పొట్లం కొండలయ్యకి ఇచ్చాను. కాల్చి చూశాడు. నా తల వైపు చూశాడు. చేతులెత్తి దండం పెట్టబోతే వద్దన్నాను.

చర్చిలో పాస్టరు గారు నా తీర్మానం ఏమైందని అడిగారు. లేచి నిలబడ్డాను. మార్కెట్లో ఎలుగుబంటి బొచ్చు అమ్మకం ఈ ఉదయంతో ఆగిపోయింది అన్నాను. అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఈసారి ఆమెన్ అన్నారు.

బయటికి రాగానే ముగ్గురు ఆడవాళ్ళు పక్కకి పిలిచారు. మరి ఇకమీదట ఎక్కడ దొరుకుతుంది లాజరూ అని అడిగారు.

ఫిబ్రవరి 4, సోమవారం

ఇన్‌స్పెక్టరు గారు ప్రెస్సుకొచ్చారు. మనవరాలికి జడుపు పూర్తిగా పోయిందట. రెండోది కొన్నారట. కాల్చి చూశారట. మొన్నటి దానికంటే ఇది గట్టి రకమోయ్ అన్నారు.

నాకెందుకో గర్వంగా అనిపించింది. సిగ్గేసింది. మళ్ళీ గర్వమేసింది.

లచ్చి డొక్క మీద నూగు మొలుస్తోంది. చెయ్యి వేస్తే మూలగలేదు.

ఫిబ్రవరి 17, ఆదివారం

పొట్లం అయిపోయింది.

కొండలయ్య లచ్చిని తీసుకుని మా ఇంటి ముందుకొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నా తల వైపే చూస్తున్నాడు. నా జుట్టు అర అంగుళం కూడా రాలేదు. లచ్చి నూగూ అంతే. తాయెత్తుకి నాలుగు వేళ్ళ పొడుగు కావాలి. సెలూను జుట్టు వాడి చూశాడట. కొబ్బరినూనె వాసనకి మొదటి బేరంలోనే పట్టుకున్నారట.

"ఎవురిది ముందు పెరిగితే వాళ్ళది బాబూ," అన్నాడు. అందాకా రోజుకొక్కసారి మెడ మీద పీకుతాడట, వెనకటిలాగే. అంతకి మించి పీకనని లచ్చి మీద ఒట్టు వేశాడు.

లచ్చి మా గుమ్మంలో కూర్చుని పిల్లాడి మొలతాడు వాసన చూసింది. వాడు దాని ముక్కు పట్టుకుని నవ్వాడు.

మధ్యాహ్నం 2.00. కొత్త పేజీ. తీర్మానం రేపటి నుంచి మళ్ళీ మొదలు. కాలవగట్టు మార్కెట్లో ఎలుగుబంటి బొచ్చు అమ్మకం ఆపించాలి.

ప్లాను:
1. నేను తలకి నూనె రాయను. కత్తెర తగలనివ్వను. అమ్మ ఏమన్నా సరే.
2. ప్రెస్సులో ఏడుగురం ఉన్నాం. అందరిచేతా నూనె మాన్పించాలి. కృపానందం గారిది బట్టతల, ఆయన్ని వదిలెయ్యాలి.
3. నాలుగో కరపత్రం. పసుపు కాయితం వద్దు. 'యువకులారా! జుట్టు పెంచండి! నూనె రాయకండి!' అంతే. ఎందుకో మాత్రం రాయకూడదు. కిందటిసారి ఎందుకో రాయబట్టే లచ్చికి ఈ గతి పట్టింది.