దోనెకో చెయ్యి

సెప్టెంబర్ 10, 2006

ఇవాళ నన్ను ఎల్డర్‌ని చేశారు. మా ఏలూరు ప్రెస్బిటేరియన్ సంఘంలో ఆడమనిషి పెద్దల బల్ల దగ్గర కూర్చోవడం ఇదే మొదలు. ఇంటికొచ్చాక మా జేమ్స్ చేతులు కట్టుకుని నిలబడి, కాఫీ పెట్టుకోవడానికి పెద్దలవారి అనుమతి ఉందాండీ అని అడిగాడు. ఉంది, నాక్కూడా పెట్టమన్నాను.

సెప్టెంబర్ 14

మొదటి సెషన్ మీటింగ్. టెలిఫోన్ ఆఫీసులో సగం రోజు లీవు పెట్టి వెళ్లాను. సంఘం ఎన్నుకున్న పెద్దలూ, పాస్టర్ గారూ కలిసి కూర్చుని అన్నీ తేల్చే సభ ఇది. పాస్టర్ గారు ఎంత గట్టిగా మాట్లాడినా సొంతంగా ఏదీ తేల్చడానికి లేదు. అది నాకు నచ్చింది. నచ్చనిది వరదానం మాస్టారు. రిటైర్డ్ హెడ్మాస్టరు, మా సెషన్‌కి క్లర్కు. ప్రతిదానికీ రూలే. బలపరుస్తూ ఎవరూ సెకండ్ చెయ్యలేదని ఒక ప్రపోజల్‌ని గాల్లో ఆపేశారు. ఈలోగా టీ చల్లారిపోయింది.

అసలు సంగతి కొల్లేటి మధ్యనున్న కొంగలదిబ్బ. ఇన్నాళ్లూ మా పారిష్ కిందే, మా పెద్దల చేతికిందే ఉన్న చిన్న సంఘం. ఎండాకాలంలో సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేశాక చాలామంది పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మాకు సొంత సెషన్ ఇవ్వండని అడుగుతున్నారు. పారిష్‌లన్నిటికీ పైసభ ప్రెస్బిటరీ. అది అక్టోబర్ పదమూడున తాడేపల్లిగూడెంలో కూర్చుంటుంది. ఆ సభ ముగిసేలోగా వాళ్లు ముగ్గురు పెద్దల్ని సక్రమంగా ఎన్నుకుని ఉండాలి. లేకపోతే ఆ గుడికి తాళం వేసి జనాన్ని భీమడోలు పారిష్‌లో కలిపేస్తారు.

పోయిన వానల్లో అక్కడ ఒక ముసలాయన పోయారట. సమాధుల తోటలో చోటివ్వాలంటే ఎల్డర్ సంతకం కావాలి. ఏలూరు నుంచి మనిషి నీళ్లు దాటి వచ్చేదాకా శవాన్ని గుడి వరండాలో పెట్టుకుని కూర్చున్నారట. ఇది విన్నాక నాకు అన్నం సయించలేదు.

ఎన్నిక అయిపోయిందట. సక్రమంగా జరిగిందో లేదో చూసి రమ్మని మాస్టారినీ నన్నూ వేశారు. నా ఖర్మ.

సెప్టెంబర్ 24, ఆదివారం సాయంత్రం

ఒళ్లు హూనమైంది. బస్సు, ఆటో, ఆ తర్వాత దోనె. మాస్టారు గొడుగు వేసుకుని దోనెలో నిటారుగా కూర్చున్నారు. దారి పొడవునా చరిత్ర పాఠం. ఒకప్పుడు ఏలూరు నుంచి కొల్లేటి దాకా అంతా ఒకటే పారిష్ అట. తమ్మిలేరు పొంగి అవతలి ఒడ్డువాళ్లు నెల్లాళ్లు గుడికి రాలేకపోయేసరికి, మాకూ పెద్దల్నివ్వండని అడిగారట. అలా రెండో పారిష్ పుట్టింది. మిషనరీ దొరల కాలంలో అన్నీ దొరగారే. ఆయన వెళ్తూ వెళ్తూ కూలివాళ్లనీ పంతుళ్లనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఇక మీరే ఏలుకోండన్నారట. మాస్టారి తాతగారు వేలిముద్ర ఎల్డరు. రైతుగారి ముందు జీవితమంతా నిలబడి మాట్లాడిన మనిషమ్మా, అక్కడ కుర్చీలో కూర్చుని మాట్లాడాడు, ఆ కుర్చీ పోకుండా ఉండాలనే నా రూల్సన్నీ అన్నారు. అప్పటిదాకా ఆయన్ని చాదస్తుడనే అనుకున్నాను.

గుడి రేకుల షెడ్డు. అలికి ముగ్గేసి ఎంత బాగా పెట్టుకున్నారో. ఎన్నిక ఎలా చేశారని మాస్టారు అడిగారు. అక్కడి పెద్దమనిషి అబ్బులు గారు సంబరంగా చెప్పారు. మా తాతలనాటి పద్ధతేనండీ, దోనెకో చెయ్యండీ అని. పూర్వం చుట్టుపక్కల దిబ్బల నుంచి జనం దోనెల్లో వచ్చేవారు. రేవులో కట్టిన దోనెల్ని బట్టి కుటుంబాల్ని లెక్కించేవారు. అందుకని దోనె నడిపే గెడ పట్టినవాడే చెయ్యెత్తాలి. ఒక్క తగువు లేకుండా ముగ్గుర్ని ఎన్నుకున్నారట.

మాస్టారు ఆడవాళ్ల చాపల వైపు తిరిగి, ప్రభువు బల్లలో రొట్టె తీసుకుని ఎన్నికలో చెయ్యెత్తనివాళ్లు ఎవరమ్మా అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. చివర్న శేషారత్నం గారు కూర్చున్నారు. భర్త పోయిన మనిషి. గంట కొట్టేదీ, పిల్లలకు వాక్యం నేర్పేదీ, జ్వరమొచ్చిన ఇంట్లో రాత్రుళ్లు కూర్చునేదీ ఆవిడే. ఆవిడకు దోనె లేదు.

ఈ ఎన్నిక చెల్లదన్నారు మాస్టారు.

మళ్లీ ఎన్నిక పెట్టాలంటే రెండు ఆదివారాలు నోటీసు చదవాలి. ఆ పై ఆదివారం ఎన్నిక, అంటే పదిహేనో తారీఖు. ప్రెస్బిటరీ పదమూడున. పక్కకు తీసుకెళ్లి, ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పొండి మాస్టారూ అని బతిమాలాను. చెయ్యెత్తనివ్వని మనిషి మీద పెద్దరికం ఎలా చేస్తామమ్మా అన్నారు. కోపంతో ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ చాపలు ఆయనకు కనపడ్డాయి, నాకు కనపడలేదు. ఆ కోపం కూడా కలిసింది.

అబ్బులు గారు మమ్మల్ని దింపనన్నారు. శేషారత్నం గారే ఎవరి దోనెనో అడిగి గెడ వేసుకుంటూ ఒడ్డుకు తెచ్చారు. ఎంత బాగా వేస్తారో.

అక్టోబర్ 1

మొదటి నోటీసు చదివి వచ్చాం. ప్రభువు బల్ల తీసుకున్న ప్రతి మనిషికీ ఒక చెయ్యి అని. అబ్బులు గారు మధ్యలో లేచి వెళ్లిపోయారు.

అక్టోబర్ 8

రెండోది. ఈసారి అబ్బులు గారు ఉన్నారు. పలకరిస్తే పలకలేదు.

అక్టోబర్ 13, రాత్రి, రైల్లోంచి దిగి

పొద్దున పాసింజరులో తాడేపల్లిగూడెం వెళ్లాం. దెందులూరు దాటేదాకా మాస్టారితో మాట్లాడలేదు. భీమడోలులో ఆయన జామకాయలు కొని ఒకటి నా చేతిలో పెట్టారు. తిన్నాను.

సభ సాయంత్రం దాకా సాగింది. కొంగలదిబ్బ పేరు వచ్చేసరికి సభ నడిపే మోడరేటర్ గారు, పెద్దలు లేరు కనక కలిపేద్దామా అన్నారు. అప్పటికే సగంమంది సంచులు సర్దుకుంటున్నారు. మాస్టారు లేచారు. ప్రార్థనతో మొదలైన సభ ఆశీర్వాదంతోనే ముగుస్తుంది కదండీ, ఆ ఆశీర్వాదం ఇవాళ చెప్పకండి, సోమవారం దాకా వాయిదా వెయ్యండి, ఆదివారం వాళ్ల ఎన్నిక అయిపోతుంది అన్నారు. గదంతా గొల్లుమంది. ఆశీర్వాదం లేకుండా ఇళ్లకెళ్లడమా అని ఒకరు, మళ్లీ సోమవారం రావాలా అని ఇంకొకరు. రూల్లో ఉందా అని మోడరేటర్ గారు అడిగారు. మాస్టారు పేజీ కూడా చెప్పారు. సెకండ్ చేసేవాళ్లెవరని అడగడం పూర్తికాకముందే నేను లేచాను. చేతులు లెక్కపెట్టారు. వాయిదా గట్టెక్కింది, కాస్త తేడాతో.

ఈ మనిషి రూల్సుతో తలుపులు మూస్తారనుకున్నాను.

అక్టోబర్ 14

సభ ఇంకా ముగియలేదు కదా. పప్పు తిరగమోత పెడుతున్నా మీటింగ్‌లోనే ఉన్నట్టుంది. జేమ్స్ ఉప్పు అందించమన్నాడు. ప్రపోజల్ పెట్టమన్నాను.

అక్టోబర్ 15

రాసేస్తాను, లేకపోతే నిద్ర పట్టదు.

ఆడవాళ్లే ఎక్కువ వచ్చారు. పేర్లు చెప్పమంటే మొదట అబ్బులు గారి పేరు, తర్వాత నిత్యానందం గారి పేరు చెప్పారు. అబ్బులు గారి భార్య లేచి శేషారత్నం గారి పేరు చెప్పింది. నాకెందుకమ్మా, నాకు దోనె కూడా లేదని శేషారత్నం గారు చేతులు ఊపేశారు. ఇంకో ఇద్దరు మగవాళ్ల పేర్లు వచ్చాయి.

శేషారత్నం గారి పేరుకు చేతులెత్తమన్నారు మాస్టారు. అబ్బులు గారి భార్యే ముందు ఎత్తింది. ఆయన తల తిప్పి చూశారు. ఆవిడ దించలేదు. ఆ వెనక చాపలన్నీ లేచాయి. గాజుల చప్పుడు రేకుల కింద అంత పెద్దగా వినపడుతుందని నాకు తెలీదు. చిట్టచివర అబ్బులు గారు కూడా ఎత్తారు. మా అమ్మ పోయినప్పుడు రాత్రంతా కూర్చుందండీ అన్నారు, ఎవరో అడిగినట్టు.

అందరికన్నా ఎక్కువ చేతులు ఆవిడకే, మిగతా రెండు స్థానాలూ అబ్బులు గారికీ నిత్యానందం గారికీ. నేను గుడి వెనక్కెళ్లి ముక్కు చీదుకుని వచ్చాను. మాస్టారు మాత్రం రెండోసారి లెక్కపెడుతున్నారు.

అక్టోబర్ 16

తాడేపల్లిగూడెం. ఒప్పుకున్నారు. ఆశీర్వాదం చెప్పారు. ఇంత ఆలస్యంగా వచ్చిన ఆమెన్ నేనెప్పుడూ అనలేదు.

అక్టోబర్ 22

పొద్దున కొంగలదిబ్బలో ముగ్గురి మీదా చేతులుంచి ప్రార్థన చేశాం. మధ్యాహ్నం వాళ్ల మొదటి సెషన్. మాస్టారూ నేనూ చనువుగా లోపలికెళ్లి కూర్చున్నాం. శేషారత్నం గారు దగ్గరికొచ్చి, ఏమనుకోకండి, తమరిద్దరూ ఈ సెషన్‌లో సభ్యులు కారు కదండీ, కాసేపు బయట కూర్చుంటారా అన్నారు. తలుపు వేసేశారు.

గట్టు మీద కూర్చున్నాం. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, రూలేనమ్మా, కరెక్టే అన్నారు.

లోపల్నించి అబ్బులు గారి గొంతు వినపడింది. శేషారత్నం గారి ప్రపోజల్‌ని సెకండ్ చేస్తున్నారు.