లోయ్జె పెట్టెకు బూడిదరంగు రాణి

సవీన్య నది వరదై మన పొయ్యి దాకా వచ్చిన మరుసటి ఏడు, మే నెల.

నేజా, పుల్ల క్యాబేజీ కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను. తేనెటీగల పెట్టె దగ్గరికి పోకు. రాణి చచ్చిపోయి అవి కోపంగా ఉన్నాయి.

రాణుల్ని పెంచి అమ్మే గాష్పర్ దగ్గర కొత్త రాణి కొనడానికి వెళ్తున్నాను. "తాతా, సరిహద్దు అవతలి పసుపు రాణిని తీసుకో, తేనె తోడలేక చస్తావు" అంటాడు. పసుపువి మన చలికి ఆగవు. పైగా దాని పిల్లలు ఎగరగానే నీ కంటికి తేడా తెలిసిపోతుంది. మన బూడిదరంగుదే తెస్తాను, మగవాటితో జతకట్టి గుడ్లు పెడుతున్నదాన్ని.

"నా కొడుకు తేనెటీగలే ఉండాలి, పరాయిది వద్దు" అని రాత్రి ఏడ్చావు. ఏ రాణిని తెచ్చినా ఎండాకాలం పోయేసరికి మన లోయ్జె పెంచినవి ఒక్కటీ మిగలవు, అన్నీ కొత్తదాని పిల్లలే. తేకపోతే అసలేమీ మిగలవు. నా చేతిలో ఉన్నది రంగొక్కటే.

ఆ వరదలో వాడు గట్టెక్కించింది ఈ ఒక్క పెట్టెనే. రెండోదాని కోసం మళ్లీ నీళ్లలోకి దిగాడు.

ఇంకో మాట. యజమాని పోతే ఆ కబురు తేనెటీగలకు చెప్పాలి, అది మన పెద్దల ఆచారం. శవం దొరకలేదని నువ్వు ఇన్నాళ్లూ చెప్పనివ్వలేదు. నేను వచ్చాక ఎంతైనా తిట్టు. ఇవాళ తెల్లారగానే పెట్టె మీద తట్టి, లోయ్జె ఇక రాడని చెప్పాను. లోపల కాసేపు మూలిగి ఊరుకున్నాయి.