చంకకర్ర లేని బోర్డు

ఆదివారం, మొఘల్‌పురా

పత్తర్‌గట్టికి అత్తరు కోసం వెళ్లి పాత బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చాను. ఈ వయసులో అత్తరెందుకన్నది వేరే కథ. కొన్ని వందల ఏళ్ల కింద యూరప్‌లో ఒకాయన రాజులను పక్కనబెట్టి రైతులను, తాగుబోతులను, కుంటివాళ్లను గీసిన బొమ్మలవి. ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. బొమ్మ నడిమధ్యలో నలుగురు కుంటివాళ్లు. జాలి లేదు, దాపరికం లేదు. ఎవరి బరువు ఏ కర్ర మీద పడుతోందో కూడా తెలుస్తోంది. నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాసిన నేను ఎవరినీ అలా గీయలేదు.

తమ్ముడు యాదగిరికి చిన్నప్పుడే పోలియో వచ్చింది, చంకకర్రతోనే నడుస్తాడు. వాడి పాల దుకాణం బోర్డు మీద వాడి బొమ్మ వేసింది నేనే, రెండు కాళ్లూ నిటారుగా, కర్ర లేకుండా. గౌరవం చేశాననుకున్నాను. సాయంత్రం పుస్తకాన్ని వాడి దుకాణానికి తీసుకెళ్లి ఆ పేజీ చూపించాను. వాడు బొమ్మలోని ఒక కర్ర మీద వేలు పెట్టాడు.

"చంకల ఒరుసుకపోకుండ కర్రకు గుడ్డ చుట్టిండు సూడన్నా. ఈయన మస్తు దగ్గర్నుంచి చూసిండు. నా కర్రకు గుడ్డ ఉన్నదని నీకెరుకేనా?"

నాకు తెలియదు. అరవై ఏళ్లుగా పక్కనే ఉన్నాను, తెలియదు.

"బోర్డు మళ్ల రాస్త. కుర్చీల కూసో, చూసుకుంట గీస్త" అన్నాను.

"కూసుంటె కర్రతోని పనేంది? నిలబడ్త, గియ్యి."

పాలకొచ్చిన వాళ్లందరి ముందూ నిలబడ్డాడు. ఎవరి బొమ్మైనా ముఖంతో మొదలుపెట్టడం నా అలవాటు. ఇవాళ చంక దగ్గర మొదలుపెట్టాను.