చూద్దాంలే

మంగళవారం, రాత్రి

క్రాస్ కల్చరల్ మేనేజ్‌మెంట్ క్లాసులో ఇవాళ నా ఫ్రెండ్ షబానా చెప్పిన ఉదాహరణ నాది. "మా మిర్చి యార్డులో 'చూద్దాంలెండి' అన్నారంటే బేరం కుదరదని అర్థం. బయటిదేశాల వాళ్ళు అది తెలీక ఎదురుచూస్తూ కూర్చుంటారు" అంది. జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు తెగ మెచ్చుకున్నారు.

'మా యార్డు' అట! ఆ యార్డు గడప తొక్కిందా ఎప్పుడైనా? యార్డులో మిర్చి అమ్మే నాన్న చెప్పిన ముక్క, కాలేజీకి వచ్చే నల్లపాడు ఆటోలో నేనే దానికి చెప్పాను. నేను చెబితే సోది, అది ఇంగ్లీషులో చెబితే స్ట్రాటజీ.

క్లాసయ్యాక నవ్వుతూ వచ్చింది. "ఏమే, ప్రాజెక్టు ఇద్దరం కలిసి చేద్దామా?"

"చూద్దాంలే" అన్నాను.

దాని నవ్వు టక్కున ఆగిపోయింది. అర్థం నేర్పింది నేనేగా...

రేపు ఆటోలో నా పక్కన కూర్చుంటుందో లేదో.