గంధకం వదిలించే ఇరవై నిమిషాలు

3 మార్చి 2003, సోమవారం
రేపటి నుంచి పన్నెండు రోజులు. ఉదయం 5.30కి కారు తీయాలి. నంద్యాల దాటగానే ఆళ్లగడ్డ రోడ్డు మీద డెబ్బై వేగం, ఇరవై నిమిషాలు, ఎక్కడా ఆగకుండా!

ఎందుకో రాసి పెట్టుకుంటున్నాను. మా తెల్ల కారు ఆగిన చోటల్లా కుళ్లు వాసన. మెకానిక్ దస్తగిరి కింద దూరి చూసి చెప్పాడు.

"సైలెన్సర్ ముందర ఒక డబ్బా ఉంటాదక్కా. లోపలంతా తేనెపట్టు మాదిరి బెజ్జాలు, వాటికి లోహ భస్మాల పూత. పొగలో విషాన్ని అదే విరగ్గొడ్తాది. పెట్రోల్లో ఉండే గంధకం పోయి ఆ పూతను పట్టుకునింది. నువ్వు ఊర్లో ఇరవైలో తోల్తాండావు, డబ్బా యాడ కాగుతాది? బాగా కాగితేనే గంధకం వదుల్తాది. పోయేటప్పుడు కుళ్లిన గుడ్డు వాసన ఎక్కువగా వస్తాది. భయపడాకు."

మా ఆయన భాస్కరయ్య గడువు పెట్టారు. పదహారో తేదీ ఆదివారం మా అత్తను అహోబిలం తీసుకెళ్లాలి. "ఆ పొద్దు గూడా కంపు కొడితే సోమవారమే కారు కొంటామన్న ఆత్మకూరు వాళ్లకు ఇచ్చేస్తా. ఈ వయసులో నీకు డ్రైవింగేందీ?"

నలభై ఎనిమిదేళ్లకు నేర్చుకున్న విద్య. వదలను!

పుస్తకంలో గళ్లు గీశాను: తేదీ, వేగం, నిమిషాలు, వాసన (పదికి ఎంత).

4 మార్చి
వెళ్లలేదు. ఒక చిక్కు. వాసనకు మార్కులు ఎవరు వేయాలి? మూడు తరాలుగా మా ఇంట్లోకి గుడ్డు రాలేదు. మంచి గుడ్డు వాసనే తెలియదు, ఇక కుళ్లినదా!

అత్త మహానందమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గుడ్డే! ముమ్మాటికీ గుడ్డే!" అంది.

"నీకెట్ల తెల్సు అత్తా?"

అత్త పూజ గదిలోకి వెళ్లిపోయింది.

పక్కింటి లూదియాను అడిగాను. ఆళ్లగడ్డ ఆసుపత్రిలో నర్సు. రోజూ బస్సులో పోతుంది. కారులో దింపితే మార్కులు వేస్తానంది.

5 మార్చి
వేగం 52!! నిమిషాలు 6. వాసన 9. చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. అయినా యాభై రెండు!

7 మార్చి
వేగం 60. నిమిషాలు 9. వాసన 9. (నిన్న కొళాయి నీళ్లొచ్చే రోజు. కుదరలేదు.)

8 మార్చి
వేగం 30. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు రోడ్డు మీద శనగ కట్టె పరిచారు. ఎవరి పంట మీదనో డెబ్బైలో దూసుకుపోవడం మర్యాద కాదు. వాసన 9.

"రోజూ తొమ్మిదేనా లూదియా?"

"ఉన్నదే చెప్తాండా అక్కా. ఇంకా శానా దినాలు తిప్పాల."

కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. ఈ నెల బస్సు పాసు తీసుకోలేదని తర్వాత తెలిసింది.

9 మార్చి
ఆదివారం. లూదియాకు చర్చి. డబ్బాకు సెలవు.

10 మార్చి
వేగం 45. ఆళ్లగడ్డలో లూదియాను దింపాక ఉగ్గాని, బజ్జీ. వేడి వేడిగా! ఉగ్గాని తిన్నాక డెబ్బై ఒంటికి పడదు. నలభైలో తిరిగొచ్చాను.

11 మార్చి
అదే ఉగ్గాని. బజ్జీలు మూడు. వేగం చూడలేదు.

12 మార్చి
5.15కి లేచాను. 5.20కి పడుకున్నాను.

13 మార్చి
మోకాళ్ల నొప్పులు. వెళ్లలేదు. (మోకాళ్లు అత్తవి. పడుకున్నది నేను.)

14 మార్చి
ఉపాయం తట్టింది! కారులో సాంబ్రాణి కడ్డీలు ఆరు, కర్పూరం, రెండు మూరల మల్లెలు.

మా ఆయన తలుపు తీసి దగ్గారు. "ఏందీ ఇది, కారా, గుడా?"

గుడిలో ఇప్పుడు గుడ్డు కూడా కుళ్లింది. అంతే తేడా.

15 మార్చి
మొత్తం లెక్కేశాను. డెబ్బై వేగంతో నడిపిన నిమిషాలు: సున్నా. అబద్ధం రాయడం చేతకాలేదు. రేపే అహోబిలం. ఆత్మకూరు వాళ్లు ఎల్లుండి వస్తారట.

16 మార్చి, ఆదివారం
రైలు గేటు దగ్గర ముప్పావు గంట ఆగాం. కంపు! మా ఆయన నా వైపు చూసి, "ఇంక మాటల్లేవు" అన్నారు.

గేటు తీశారు. వెనక నుంచి అత్త: "సరస్వతీ, తొమ్మిదికి అభిషేకం. సైకిలోళ్లు గూడా మనల్ని దాటిపోతాండారు. బేగా తోలు!"

తొక్కాను. యాభై. అరవై. డెబ్బై!

"మెల్లగా! మెల్లగా!" మా ఆయన రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద.

"నువ్వు గమ్మునుండప్పా. ఆ పిల్ల తోల్తాంది గదా," అని కొడుకును కసిరింది అత్త.

శిరివెళ్ల దగ్గర కంపు భరించలేనంతగా వచ్చింది. అద్దాలన్నీ దించాం. "గంధకం పోతాంది! పోతాంది!" అని అరిచాను. సంతోషించినదాన్ని నేనొక్కదాన్నే. కాలు తీయలేదు. ఇరవై ఆరు నిమిషాలు!

ఆళ్లగడ్డలో ఆపాను. ఎవరికీ వాసన తగల్లేదు. దిగి, పట్టుచీరతోనే నడిబజార్లో వంగి పొగ గొట్టం దగ్గర ముక్కు పెట్టాను. మా ఆయన కూడా వంగారు. టీ కొట్టు వాళ్లు లేచి నిలబడి చూశారు.

"రాలేదే!" అన్నారాయన.

"ముక్కులు తర్వాత," అంది అత్త. "అభిషేకం!"

అందుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు అత్త ఒకటే మాట: "ఆత్మకూరోళ్లను రావద్దని చెప్పప్పా. వచ్చే శనివారం శ్రీశైలం పోవాల."

17 మార్చి, సోమవారం
పెట్రోలు నిండుగా పోయించి, గర్వంగా దస్తగిరి దగ్గరికి వెళ్లాను. గొట్టం వాసన చూసి మెచ్చుకున్నాడు. ఆపైన నవ్వాడు.

"ఇప్పుడు పోయించిన దాంట్లో గూడా గంధకమే గదక్కా. మళ్లా పట్టుకుంటాది. మళ్లా కాల్చాల."

"ఎన్ని దినాలు?"

"కారున్నన్ని దినాలు."

ఇంటికొచ్చి ఆ మాట అప్పజెప్పాను. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "అంటే ఎప్పటికీ నువ్వే తోలాలంటావా?"

"నేననలేదు. గంధకం అంటాంది."

కొత్త పేజీ. కొత్త గళ్లు. 5.30. డెబ్బై. ఇరవై నిమిషాలు. ఆగకుండా.

రేపు మంగళవారం, ఏదీ మొదలుపెట్టకూడదు.

బుధవారం నుంచి, ఖచ్చితంగా!